అయ్యగారి వంతు

జగ్గయ్యపేట,
12-2-1961

ప్రియమైన అక్కకు,

తమ్ముడు ప్రసాదు వందనాలు. మేమంతా క్షేమమని రాయడం ఆచారం కాబట్టి ముందు అది రాసేస్తున్నాను. నీ మరదలు బేబికి నడుం నొప్పి, నాకు ఎస్సెల్సీ పిల్లల నొప్పి, నాన్నకు డెబ్బై ఆరేళ్ళ వయసు నొప్పి. మిగతాదంతా దేవుడి దయ.

నాన్న మా ఇంటికొచ్చి మూడో ఏడు నడుస్తోంది. పాస్టరు పనినుంచి రిటైరయ్యారు గానీ ఆ కబురు ఆయన గొంతుకు ఇంకా అందినట్టు లేదు. కోడి కూయకముందే ప్రార్థన మొదలవుతుంది. చందర్లపాడు, ఏటిపాలెం, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఉన్న రోగులందరినీ, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళతో సహా, పేరుపేరునా దేవుడికి అప్పగిస్తే గానీ ఆపరు. పక్కింటి సుబ్బరాయుడుగారు నిన్న ఎదురుపడి, తమ ఇంట్లో గడియారానికి కీ ఇవ్వడం మానేశామని చెప్పి నవ్వారు. నాకు నవ్వే ఓపిక కూడా లేకపోయింది.

అసలు సంగతికొస్తాను. పోయిన వారం నాన్నకు గుండెల్లో నొప్పొచ్చింది. డాక్టరు చూసి, గుండె బాగా అలిసిపోయింది, జాగ్రత్త అన్నాడు. ఆ సాయంత్రం నాన్న నన్ను మంచం మీద కూర్చోబెట్టుకుని, "నన్ను ఏటిపాలెంలో మీ అమ్మ పక్కన పెట్టండ్రా. ఇంకేం అడగను" అన్నారు. నాకు తెలిసి ఆయన మనల్ని ఏదైనా అడగడం ఇదే మొదలు. ఆ ఏడు కోతల పండక్కి నాన్నతో ఏటిపాలెం వెళ్ళిన అమ్మ జ్వరంతో అక్కడే పోవడం, తుఫాను వానకు వాగు పొంగి, దాటే దారిలేక అక్కడి సమాధుల దొడ్లోనే మట్టి చేయడం నాకంటే నీకే బాగా గుర్తుండాలి. నేనప్పటికి చిన్నవాణ్ణి.

నువ్వు నందిగామలో ఉన్నావు, నీకు దగ్గర. ఓ ఆదివారం వెళ్ళి సంఘపెద్ద ఇశ్రాయేలుతో ఒక మాట చెప్పి రా. అదీ మర్యాద కోసమే. ముప్పై ఏళ్ళు చందర్లపాడు నుంచి నడిచివెళ్ళి వాళ్ళకు సేవ చేసిన మనిషికి ఆరడుగుల నేల లేదంటారా?

స్తెఫను బావకు మా ఇద్దరి వందనాలు.

నీ తమ్ముడు,
వరప్రసాదరావు


నందిగామ,
26-2-1961

ఒరేయ్ ప్రసాదూ,

ఆశీర్వాదాలు. జవాబు ఆలస్యమైందని తిట్టుకోకు. మా బళ్ళో ఇన్‌స్పెక్షను. హెడ్మాస్టరమ్మ పుష్పవతిగారు ముందు గోడలకు సున్నం కొట్టించారు, తర్వాత మా మొహాలకు కొట్టించలేదంతే.

ఏటిపాలెం వెళ్ళొచ్చాను. అక్కడ కొత్త గుడి కడుతున్నారు, గోడలు కిటికీల ఎత్తుకు లేచాయి. ఇశ్రాయేలు కుర్చీ వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు, అమ్మను తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాడు. పని అయిపోయిందనే అనుకున్నాను. నాన్న కోరిక చెప్పగానే భుజం మీది తువ్వాలు తీసి, దులిపి, మళ్ళీ వేసుకున్నాడు.

"అమ్మగారంటే వేరమ్మా. జొరంలో మా ఆడాళ్ళు పోసిన గంజి తాగింది, మా మనిషైపోయింది. అయ్యగారికి మా మెతుకు పనికిరాలా. మెతుకు పనికిరాని మనిషికి మా మన్నెట్టా పనికొచ్చుద్ది?"

చుట్టూ ఉన్న పెద్దలంతా తలలూపారు.

ఆ ఊళ్ళో వంతు సంగతి నీకు తెలియదేమో. శనివారం సాయంత్రం పాస్టరు వస్తాడు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయనకు అన్నం పెట్టే ఇల్లు వరసగా మారుతుంది. అయ్యగారి వంతు వచ్చిన ఇంటివాళ్ళు ఆ వారమంతా ఇల్లు అలుక్కుంటారు, పెళ్ళివారొస్తున్నట్టు. మొదట్లో నాన్న అలాగే తినేవారట. ఓ కరువు ఏడు, ఉన్నట్టుండి మానేశారు. అది మొదలు రిటైరయ్యేదాకా సంచిలో సత్తు డబ్బా, అందులో చద్దన్నం. పెళ్ళయినా అంతే, పండగైనా అంతే. గుడి మెట్టు మీద ఒక్కరే కూర్చుని తిని, డబ్బా కడుక్కునేవారు. మనం పై పేట వాళ్ళం, వాళ్ళు కింద పేట వాళ్ళు. దేవుడొక్కడేనని చెప్పడానికి వచ్చిన మనిషికి కంచం దగ్గరికొచ్చేసరికి పేట గుర్తొచ్చిందని వాళ్ళ బాధ. అది తప్పని నేను అనలేకపోయాను. అమ్మ పోయాక నా పెళ్ళయ్యేదాకా ఆ డబ్బా కట్టిచ్చింది నేనే కదా.

తిరిగొస్తూ బెల్లం కోసం కనకయ్య కొట్టు దగ్గర ఆగాను. ఆ కోమటాయనకు నాన్నంటే మహా గౌరవం. నాన్న ఆరోగ్యం అడిగి, మీ నాన్నగారిలాంటి మడి మా ఇళ్ళలో పెద్దలకు కూడా లేదండీ, ఎవరింటా పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కాదటగా, అని అందరికీ వినబడేలా మెచ్చుకున్నాడు. తిట్టినా బాగుండేది. బెల్లం తీసుకుని వచ్చేశాను.

నువ్వు నాన్ననే అడుగు, ఎందుకు మానేశారో. చెప్పుకోదగ్గ కారణం ఉంటే మళ్ళీ వెళ్తాను. లేకపోతే ఆ ఊళ్ళో నా మొహం చెల్లదు.

మీ అక్క,
ప్రమీలారాణి


జగ్గయ్యపేట,
5-3-1961

అక్కా,

అడిగాను. అడగడానికి ముందు రెండు రోజులు ఆయన గుమ్మం దగ్గర తచ్చాడాను. పిల్లలకు నేనంటే భయం, నాకు నాన్నంటే భయం, నాన్నకు మాత్రం దేవుడన్నా భయం ఉన్నట్టు కనపడదు, స్నేహితుడితో మాట్లాడినట్టే మాట్లాడతారు.

చాప మీద కూర్చుని బేబికి వేరుశనక్కాయలు ఒలిచిపెడుతున్నారు. ఇశ్రాయేలు మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఒలవడం ఆపలేదు. "వాళ్ళన్నది నిజమే కదరా. తినని మాట నిజమే" అన్నారు. ఎందుకు తినలేదన్నాను. అది తను చెప్పే సంగతి కాదన్నారు. ఇంకో కాయ ఒలుస్తూ, ఇశ్రాయేలు కొడుక్కి మూర్ఛలు తగ్గాయా, ప్రమీల కనుక్కుందా అని అడిగారు. తనకు నేల లేదన్నవాడి కొడుకు గురించి! ఆ సంగతి ఈసారి రాయి, లేకపోతే నన్ను నిలవనివ్వరు.

నాకో ఆలోచన తోచింది. నాన్నకు ఆ రోజుల్లో కడుపులో పుండు ఉండేదనీ, బయటి తిండి వద్దని డాక్టరు చెప్పాడనీ సంఘంవాళ్ళతో అందామా? ఎవరికీ నష్టం లేని అబద్ధం. బేబి కూడా బాగుందంది.

ప్రసాదు


నందిగామ,
14-3-1961

ప్రసాదూ,

కడుపులో పుండు ఉన్నవాడు ఆవకాయ కలిపిన చద్దన్నం తింటాడట్రా? ఆ డబ్బాలో ఏముండేదో కట్టిన నాకు తెలియదా, గుడి మెట్టు మీద చూసిన వాళ్ళకు తెలియదా? లెక్కలు చెప్పుకునే మాస్టరువి, అబద్ధాలు నీకు చేతకావు.

అంటే ఆయన ఒప్పుకున్నారన్నమాట. నాలో ఎక్కడో, ఏదో కారణం చెబుతారని ఆశ ఉండేది. అదీ పోయింది.

ఏటిపాలెం పిల్ల ఒకతి మా బళ్ళో చదువుతోంది. మొన్న మధ్యాహ్నం అది తెచ్చుకున్న జొన్నరొట్టె బాగుందే, ఓ ముక్క పెట్టు అన్నాను, వేళాకోళానికి. మొహం చిన్నబుచ్చుకుని, "మీరు మా ఇంటిది తినరంటగా టీచరుగారూ" అంది. అది పుట్టేనాటికి నాన్న ఆ ఊరు వెళ్ళడం కూడా తగ్గిపోయింది. చూశావా, ఆ మాట తల్లిపాలతో పాటు దిగింది. రొట్టె లాక్కుని తిన్నాను. అది నమ్మలేదు, టీచరు జాలిపడిందనుకుంది.

ఆయన మంచివారు కాదని నేననను. ఆ పేట ఆడవాళ్ళకు ఇసకలో వేళ్ళతో అక్షరాలు దిద్దించారు. కలరా రోజుల్లో, సొంత అన్నదమ్ములు దగ్గరికి రాని రోగుల్ని తన చేతులతో ఎత్తి బండిలో వేసుకుని నందిగామ ఆస్పత్రికి తెచ్చారు. మనిషిని ముట్టుకున్న చెయ్యి అన్నం ఎందుకు ముట్టుకోలేదో నాకు అర్థం కాదు. అర్థం కాకపోయాక కోపమే మిగిలింది. జగ్గయ్యపేటలోనే స్థలం చూడు. నేను మళ్ళీ వెళ్ళి వాళ్ళ కాళ్ళు పట్టుకోలేను.

ఇశ్రాయేలు కొడుక్కి మూర్ఛలు తగ్గాయి. చెప్పు.

ప్రమీల


జగ్గయ్యపేట,
20-3-1961

అక్కయ్యగారికి,

ఇక్కడి శ్మశానం చూసి వచ్చాను. అంతా సున్నపురాయి నేల, గడ్డపార దిగదు. అయినా తవ్వించవచ్చు, మీరు శ్రమ తీసుకోనక్కర్లేదు.

కోపం మిగిలిందన్నారు. నాకు అది కూడా మిగల్లేదు. పొద్దున ఆయన మొహం కడుక్కునేది మొదలు పడుకునేదాకా నేనూ బేబీనే. కోపం తెచ్చుకోవాలన్నా కాస్త తీరిక ఉండాలి. అది నందిగామలో బాగా దొరుకుతున్నట్టుంది.

మీ ఉత్తరం నాన్న చదివి వినిపించమన్నారు. ప్రమీల బాగుంది, పరీక్షల హడావుడిలో ఉంది, అంతే రాసింది అన్నాను. నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నారు.

వరప్రసాదరావు


నందిగామ,
9-4-1961

ప్రసాదూ,

నీ ఉత్తరానికి ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. మా బళ్ళకు సెలవులివ్వగానే నాన్నను నా దగ్గరికి పంపు. బేబికి కాస్త నడుం వాల్చే వీలుంటుంది. నన్ను 'గారు' అనడం మాత్రం మానుకో, నాకు వందేళ్ళొచ్చినట్టుంది.

ఈస్టరు వెళ్ళిన మూడో రోజు మా ఇంటికి ఏటిపాలెం నుంచి పుల్లమ్మ అని ఒక ముసలావిడ వచ్చింది. గుడి వెనక ఇల్లు. మనవల్ని పెంచుకుంటోంది. అంత ఎండలో చందర్లపాడు దాకా నడిచి బస్సెక్కి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీదే కూర్చుని, నా వైపు చూడకుండా చెప్పింది.

"అమ్మా, అయ్యగారి మీదకి మాట రాకూడదు. తప్పు నాది. కరువేడు అయ్యగారి వంతు నాకొచ్చింది. ఇంట్లో ఏం లేదు. దూలానికి కట్టిన ఎండుతునకలుంటే అయ్యే కూరొండి పెట్టా. కడుపునిండా తిన్నారు. పోయినోరు గొడుగు మర్సిపోయి మళ్ళా వచ్చారు. వాకిట్లో నిలబడ్డారు. మొగం అదోమాదిరిగా ఉంది. గొడుగు తీసుకుని మాట్టాడకుండా పోయారు. దోవలో ఎవురో కూర సంగతి చెప్పుంటారు. పై వారం నుంచి డబ్బా తెచ్చుకున్నారు. నా మూలాన ఊరందరికీ వంతు పోయింది."

ఇన్నేళ్ళలో ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదట. ఇప్పుడు అయ్యగారికి నేల లేదంటున్నారని విని నిద్రపట్టక వచ్చింది. కావాలంటే సంఘంలో లేచి నిలబడి తప్పు తనదేనని చెబుతానంది. చెబితే ఆ ఊరు ఆమెను ఏమంటుందో నువ్వు ఊహించుకో. ముప్పై ఏళ్ళ అవమానం ఆ ముసలిదాని నెత్తిన పడుతుంది.

గొడ్డుతునకలని నీకు వేరే రాయక్కర్లేదు. మతంలోకొచ్చాక మేం మానేశామని మన పై పేటవాళ్ళు గొప్పగా చెప్పుకునేదే. ఇదన్నమాట కారణం. ఒక్క పూట కూరకు ఊరు ఊరినే వెలి వేశారు. ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించు. దాచొద్దు, నా మాటగానే వినిపించు. ఆమెను సంఘంలో నిలబెట్టాలో వద్దో కూడా ఆయన్నే చెప్పమను.

మీ అక్క


జగ్గయ్యపేట,
14-4-1961

అక్కా,

చదివి వినిపించాను. నీ మాటలు ఒక్కటి కూడా మింగలేదు.

తునకల దగ్గర నాన్న నవ్వారు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఏడుపయింది. నాన్న ఏడవగా నేను చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా పాటే పాడారు. బేబి మంచినీళ్ళు తెచ్చింది, తాగలేదు.

"తునకలని నాకు తెలీదట్రా? మీ నాయనమ్మ వండేది. అంత రుచిగా వండేది కాదు" అన్నారు.

తేరుకున్నాక మిగతాది చెప్పారు. గొడుగు కోసం వెనక్కి వెళ్ళేసరికి ఆయన తిన్న కంచం చుట్టూ పుల్లమ్మ పిల్లలు కూర్చుని, అందులో అంటుకున్నది వేళ్ళతో తుడుచుకుని తింటున్నారట. పుల్లమ్మ అటు తిరిగి, కుండ అడుగున నీళ్ళు పోసి కడిగి, ఆ నీళ్ళు తాగుతోందట. "ఇంటిల్లిపాది పూట నేనొక్కణ్ణే తినేశా" అన్నారు.

మరి ఆ ఒక్క ఇంట్లో మానేస్తే పోయేదిగా, ఊరంతా ఎందుకు అని అడిగాను. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఒక్క ఇంటికి రానంటే ఆ ఇంటికి తలవంపు. ఎందుకు రానో చెబితే ఇంకా తలవంపు. అన్ని ఇళ్ళూ మానేస్తే తలవంపు నాదే గదా అనుకున్నా. ఊరందరిదీ అవుద్దని తట్టలేదు. తట్టేసరికి ఆలస్యమైపోయింది."

నేను లేచి వెంటనే ఇశ్రాయేలుకు ఉత్తరం రాస్తానన్నాను. నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టు చూస్తే గుండె జబ్బు మనిషనుకోరు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. పుల్లమ్మకు అసలే చెప్పకూడదు. తన ఇంటి ఆకలి అయ్యగారు చూశాడని ఆ తల్లికి తెలియకూడదు. అది ఆయనకు అన్నం పెట్టిన ఇల్లు, గతిలేని ఇల్లని ఎవరికీ అనిపించకూడదు. ఆమె సంఘంలో నోరు విప్పకూడదు. మనిద్దరం ప్రమాణం చేయాలన్నారు. నేను చేశాను. నువ్వూ చేసినట్టే రాసుకున్నాను.

కూర తప్పు కాదని మాత్రం ఆమెకు తెలియాలట. చెబితే నమ్మదు, వెళ్ళి తినాలి అంటున్నారు. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. నాన్న ఆ డాక్టరు కోసం ప్రార్థన చేసి చెప్పులు వెతుక్కుంటున్నారు. నాకు పేపర్లు దిద్దే పని, కదలడానికి లేదు. సెలవులిచ్చిన మర్నాడే బస్సెక్కిస్తాను, నువ్వు స్టాండులో ఉండు. మిషను దొరసానిగారిచ్చిన ఆ నల్లగొడుగు ఆయన చేతిలోనే ఉంటుంది. గుడ్డ ఎన్నిసార్లు మార్పించామో గానీ కర్ర అదే.

ఆయనకు నేల దొరుకుతుందో లేదో నాకు తెలియదు. అడిగితే, నేల సంగతి తర్వాతరా అన్నారు.

ప్రసాదు


నందిగామ,
30-4-1961

ప్రసాదూ,

నాన్న క్షేమంగా ఉన్నారు. మంచం మీద పడుకుని మీ బావకు బైబిల్లో ప్రశ్నలు వేస్తున్నారు, బావ నీళ్ళు నములుతున్నాడు. ఏటిపాలెం సంగతి రాస్తున్నాను.

చందర్లపాడు నుంచి బండి కట్టించాను. సరాసరి పుల్లమ్మ ఇంటిముందు ఆపించి, అరుగు మీద కూర్చున్నారు. ఆమె లోపలినుంచి వచ్చి చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"పుల్లమ్మా, ఈ వారం వంతు ఎవురిది?" అన్నారు.

వంతులు పోయి చాన్నాళ్ళయిందని ఆమె అంది. అయితే నీ దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెట్టు, ఆ కూరే వండు, అన్నారు. పుల్లమ్మ నా వైపు చూసింది. నేను ఎద్దుల వైపు చూశాను.

ఆమె వండేలోపు పేట పేటంతా వాకిట్లో చేరింది. ఇశ్రాయేలు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కంచం తెచ్చి ముందు పెట్టింది. నాన్న చెయ్యి కడుక్కుని, "పిల్లలు తిన్నారా?" అన్నారు. తిన్నారంది. నా ఎదుట తినమను అన్నారు. మనవల్ని పిలిచి పక్కన కూర్చోబెట్టించుకున్నారు. వాళ్ళు చాలు చాలని కంచాలు నెట్టేదాకా తన అన్నం ముట్టుకోలేదు. జనం విసుక్కున్నారు. ముసలాయన ఇంకా వంకలు పెడుతున్నాడని ఎవరో గొణిగారు కూడా.

తర్వాత తిన్నారు. మెల్లగా, పళ్ళు లేని నోటితో, తునక తునకా నమిలి తిన్నారు. అయిపోయాక కంచం వేళ్ళతో తుడుచుకుని తిన్నారు. ఆ పని మన ఇంట్లో నువ్వు చేస్తే మొట్టేవారు, గుర్తుందా?

పుల్లమ్మ పైట కొంగు నోట్లో పెట్టుకుని చూస్తూ, కూర ఎట్టా ఉందని అడిగింది. "అప్పటికంటే ఉప్పు ఒక పిసరెక్కువ" అన్నారు. ఆమె నవ్వింది. ఇన్నేళ్ళ బరువు ఆ నవ్వుతో దిగిపోవడం నా కళ్ళతో చూశాను. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

ఆ తర్వాత చూడాలి. ప్రతి ఇంటినుంచీ గిన్నె వచ్చింది. గోంగూర, చేపల పులుసు, జొన్నసంకటి, ఏదీ వద్దనలేదు. ప్రతిదాంట్లోంచీ ఓ ముద్ద. చివరికి ఇశ్రాయేలు కూడా తన ఇంటి గిన్నె తనే పట్టుకొచ్చాడు. బండి దగ్గర నన్ను పక్కకు పిలిచి, "పోయేముందన్నా అయ్యగారికి బుద్ధొచ్చింది. అమ్మగారి పక్కన సోటుందిలేమ్మా" అన్నాడు.

నాలుక చివరిదాకా వచ్చింది. ప్రమాణం చేసిపెట్టావుగా, మింగాను. నాన్న ఆ మాట విన్నారు. అవునయ్యా, ఆలస్యంగా వచ్చిందని ఒప్పుకున్నారు.

బండి కదలబోతుంటే పుల్లమ్మ గొడుగు పట్టుకుని వెంట వచ్చింది. "అయ్యగారూ, మళ్ళా మర్సిపోయారు."

"ఉండనీ. దానికోసం వస్తాగా" అన్నారు.

దారంతా ఎండ. నా కొంగు కప్పితే వద్దనలేదు.

మీ అక్క


జగ్గయ్యపేట,
21-5-1961

అక్కా,

నువ్వు పంపిన పెద్దమనిషి పోయిన వారం దిగారు. ఏటిపాలెం గిన్నెలన్నీ నీ దగ్గరున్నన్నాళ్ళూ ఏమీ అనలేదట, ఇక్కడికొచ్చాక ఒక మామిడిపండు తిన్నారో లేదో కడుపు పట్టింది. బేబి, డాక్టరు, నేను ముగ్గురం తిట్టాం. నవ్వుతున్నారు. పొద్దుటి ప్రార్థన ఇంకా పొడవైంది. పుల్లమ్మ మనవల పేర్లు కొత్తగా చేరాయి, ఏ ఇంటి కూర ఎలా ఉందో కూడా దేవుడికి చెబుతున్నారు. సుబ్బరాయుడుగారు చేపల పులుసు దగ్గర మంచి నిద్రలోంచి లేస్తున్నానన్నారు.

అలిసిపోయాను గానీ, ఈసారి అలసట వేరుగా ఉంది.

ప్రసాదు


జగ్గయ్యపేట,
3-9-1961

అక్కా,

ఏటిపాలెంలో నాన్నను మట్టి చేసి వచ్చిన దగ్గర్నుంచి ఇల్లు బావురుమంటోంది. తెల్లవారుజామున మెలకువ వస్తుంది, గొంతు వినపడదు. సుబ్బరాయుడుగారు నిన్న గడియారానికి కీ ఇచ్చుకుంటూ కళ్ళు తుడుచుకున్నారు.

నాకు దుఃఖం కంటే కోపం ఎక్కువగా ఉంది. ఆ కొత్త పాస్టరు సమాధి దగ్గర చెప్పిన ప్రసంగం నా చెవుల్లో ఇంకా మోగుతోంది. గర్వం ఎంతటి సేవకుణ్ణయినా ఎలా పట్టుకుంటుందో, చివరికి దేవుడు ఎలా వంచుతాడో జ్ఞానయ్య పాస్టరుగారి జీవితమే సాక్ష్యమట. నేను లేవబోతే నువ్వు చొక్కా పట్టుకుని లాగావు. చొక్కా చిరిగింది, చూశావా? రాతి మీద కూడా తనను తాను తగ్గించుకోవడం గురించిన వాక్యమే చెక్కిస్తారట. అంటే ఆ ఊళ్ళో పుట్టబోయే పిల్లలక్కూడా మన నాన్న బుద్ధి తెచ్చుకున్న గర్విష్ఠి.

ఆయన పోయారు. ఇంకా ప్రమాణమేమిటి? ఉన్నదున్నట్టు రాసి సంఘం పత్రికకు పంపుతాను. నువ్వు సరేనను చాలు.

ఇంకొకటి. నాకు ఆయన గుర్తుగా ఏమీ వద్దు, ఆ గొడుగు కావాలి. పుల్లమ్మ దగ్గర్నుంచి తెచ్చి ఉంచు.

ప్రసాదు


నందిగామ,
24-9-1961

ప్రసాదూ,

చిరిగిన చొక్కా పంపు, కుట్టి పంపుతాను.

ఏటిపాలెం కొత్త గుడి ప్రతిష్ఠకు వెళ్ళొచ్చాను. నాన్న సమాధికి రాయి పాతారు. నువ్వన్న వాక్యమే ఉంది. ఇశ్రాయేలు నన్ను తీసుకెళ్ళి చూపించి, బాగుందా అమ్మా అని అడిగాడు. పాపం, అతను గౌరవంగానే చేయించాడు. అక్షరాలు బాగా చెక్కారని చెప్పాను. నీకున్న కోపం నాకూ ఉంది. పత్రికకు రాయమందామనే నిశ్చయించుకుని గొడుగు కోసం పుల్లమ్మ ఇంటికి వెళ్ళాను.

గొడుగు గోడకు మేకుకు తగిలించి ఉంది. నేను నోరు తెరిచేలోపే ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చి నా ఎదుట కూర్చుంది.

"అమ్మా, ఒక్క మాట నిజం చెప్పు. అయ్యగారు మొన్నొచ్చినప్పుడు నా మనవలు తినేదాకా చూస్తా కూర్చున్నారే, అప్పుట్నించీ నాకు మనసులో తొలుస్తంది. ఆ కరువేడు గొడుక్కోసం వచ్చినప్పుడు నా పిల్లల్ని చూశారా?"

ప్రసాదూ, అవునని ఒక్క మాట అంటే చాలు. ఆమె అప్పటికప్పుడు గుడి ముందు నిలబడి ఊరందరికీ చెప్పేది. ఆ రాయి పీకించి వేరే రాయి పాతించేది. నాన్న పేరు మీద ఒక్క మచ్చ ఉండేది కాదు. ఆ మాట అనాలని నాకు ఎంత ఉందో నీకు చెప్పలేను. ఆమె చేతులు చూశాను. ఒళ్ళో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

"లేదు పుల్లమ్మా. నాన్నకు ఆ రోజుల్లో కడుపులో పుండు ఉండేది. బయట తినొద్దని డాక్టరు చెప్పాడు" అన్నాను.

నీ అబద్ధమేరా. నీకు చేతకాదని వెక్కిరించానుగా, నాకూ అంతకంటే బాగా రాలేదు.

పుల్లమ్మ నన్ను చాలాసేపు చూసింది. "నీకన్నీ అయ్యగారి పోలికలేనమ్మా" అని, లేచి వెళ్ళి కంచం తెచ్చి నా ముందు పెట్టింది. ఈ వారం వంతు తనదేనట. కొత్త పాస్టరు ప్రతిష్ఠ కాగానే ఒంట్లో బాగాలేదని వెళ్ళిపోయాడు. వండినది నన్ను తినమంది.

నేను చెయ్యి కడుక్కున్నాను. ముద్ద కలపబోయి, నాకు తెలియకుండానే, "పిల్లలు తిన్నారా?" అన్నాను. ఆమె మొహం పొయ్యి వైపు తిప్పుకుంది. తిన్నారమ్మా, అందరూ తిన్నారు, నువ్వు తిను అంది. నేను తిన్నాను. ఉప్పు సరిపోయింది.

పత్రికకు ఏమీ రాయకు. బేబిని అడిగానని చెప్పు. గొడుగు అక్కడే మర్చిపోయి వచ్చాను.

మీ అక్క,
ప్రమీలారాణి